పట్టు టైర్లు: మస్టాంగ్ కొన్న తమ్ముడికి పది సలహాలు

తమ్ముడూ,

నువ్వు మస్టాంగ్ జీటీ కొన్నావని మీ వదిన చెప్పింది. 2018 మోడలు, 460 గుర్రాల బలం, నల్ల రంగు. శుభం. యాక్సిలరేటర్ మీద కాలు వెయ్యగానే వెనక చక్రాలు గిర్రున తిరుగుతున్నాయి గాని బండి ఉన్నచోటే వగలు పోతోందని, అందుకని డ్రాగ్ రేడియల్ టైర్లు వేయించాలనుకుంటున్నావని కూడా చెప్పింది. "మీ అన్నయ్యను మాత్రం అడక్కు" అని నీతో అందట. ఆవిడ మాటకేం గాని, ఈ విషయంలో నాకున్న అనుభవం డాలస్ చుట్టుపక్కల ఏ తెలుగువాడికీ లేదు. నాలుగేళ్ళలో మూడు జతలు అరగదీశాను. టో ట్రక్కు అబ్బాయి నా నంబరు సేవ్ చేసుకున్నాడు.

నీకు తెలిసిందే అయినా మొదటినుంచీ చెప్తాను. డ్రాగ్ రేసంటే సూటిగా పావు మైలు, 1,320 అడుగులు. ఆ దారి పేరు స్ట్రిప్. మలుపుల్లేవు, గుంటల్లేవు. ఆ పరుగు కోసం పుట్టింది గాడుల్లేని స్లిక్ టైరు. దాన్ని ఊళ్ళో తిప్పడానికి చట్టం ఒప్పుకోదు. అందుకని కంపెనీలు మధ్యేమార్గం పట్టాయి: లోపల రేడియల్ కట్టు, పైన మెత్తని రేసు రబ్బరు, ఆ రబ్బరు మీద మొక్కుబడిగా నాలుగు గాడులు, పక్కన రోడ్డెక్కొచ్చనే డీఓటీ ముద్ర. అదే డ్రాగ్ రేడియల్. మిక్కీ థాంప్సన్, నిట్టో, హూజియర్, ఎం అండ్ హెచ్, ఎవరి సరుకు చూసినా సూత్రం ఇదే. వేడెక్కిన టైరు జిగురు పూసిన ట్రాక్ మీద నేలను పట్టుకుందంటే ఉడుంపట్టే.

కొందరు దీన్ని పట్టుపంచెతో పోలుస్తారు. పెళ్ళిపీటల మీద కట్టుకోవాలి, ఇంటికొచ్చి మడతపెట్టి దాచుకోవాలి అంటారు. నేనైతే పొలానికీ అదే కట్టుకెళ్ళమంటాను. డబ్బు పెట్టి కొన్నాం కదా.

1. ఎన్నిసార్లు పరుగెత్తుతావో లెక్క వెయ్యకు

టైర్లు కొనేముందు "ఏడాదికి ఎన్నిసార్లు స్ట్రిప్‌కు వెళ్తాను, ఎన్ని మైళ్ళు ఆఫీసుకు తిప్పుతాను" అని కాగితం మీద రాసుకోమంటారు. పొరపాటున కూడా రాయకు. నేను ఒకసారి రాశాను. ఏడాదికి రెండుసార్లు స్ట్రిప్, వెళ్ళినప్పుడల్లా ఆరు పరుగులు, పరుగుకు పదమూడు సెకన్లు. అంతా కలిపితే రెండున్నర నిమిషాలు. మిగతా ఏడాదంతా ఫ్రిస్కో నుంచి ప్లేనోకు, ప్లేనో నుంచి ఫ్రిస్కోకు, మధ్యలో ఇండియన్ స్టోరుకు. ఆ కాగితం చించేశాక మనసు కుదుటపడింది.

లెక్కలకు బదులు చరిత్ర చదువుకో. ఎన్నిస్ ఊళ్ళో టెక్సస్ మోటర్‌ప్లెక్స్ ఉంది, 1986లో కట్టారు. 1988 ఏప్రిల్‌లో ఎడ్డీ హిల్ టాప్ ఫ్యూయల్ బండిలో పావు మైలును 4.990 సెకన్లలో దాటింది అక్కడే. టాప్ ఫ్యూయల్ బండ్లలో అయిదు సెకన్ల గోడ బద్దలు కొట్టిన మొదటి మనిషి. మనం ఆయన రాష్ట్రంలోనే ఉంటున్నాం, ఆయన పీల్చిన గాలే పీలుస్తున్నాం. అర్హతకు అది చాలదూ?

2. టైరు పక్కన రాసింది చదవకు

అమెరికాలో అమ్మే కారు టైరు పక్కన మూడు మార్కులుంటాయి, బడి ప్రోగ్రెస్ రిపోర్టులాగా. మొదటిది ట్రెడ్‌వేర్, అంటే అరుగుదల. దీని పరీక్ష కూడా మన టెక్సస్‌లోనే. శాన్ ఏంజెలో దగ్గర 400 మైళ్ళ చుట్టు రోడ్డుంది. దాని మీద 7,200 మైళ్ళు తిప్పి, 100 మార్కుల నమూనా టైరుతో పోల్చి అంకె వేస్తారు. కుటుంబాల కార్లకు అయిదారు వందలుంటుంది. డ్రాగ్ రేడియల్‌కు 100 ఉంటే గొప్ప. కొన్నిటికి 00 అనే ఉంటుంది. షాపులో అది చూసి కంగారుపడకు. ఆ కుర్రాడు అడిగితే, నష్టం సున్నా అని దాని అర్థమని చెప్పు. నేను అలాగే చెప్పాను.

రెండోది ట్రాక్షన్. ఏఏ, ఏ, బీ, సీ. ఇది చూసి బండి ఎంత గట్టిగా దూకుతుందో తేల్చుకోవచ్చని నేను మొన్నమొన్నటిదాకా నమ్మాను. తీరా చూస్తే అది తడి రోడ్డు మీద సూటిగా వెళ్తూ బ్రేకేస్తే టైరు ఎంత పట్టుకుంటుందో చెప్పే గ్రేడట! దూకడం గురించి ఒక్క ముక్క లేదు. అలాంటప్పుడు చదివి లాభమేముంది? మూడోది టెంపరేచర్, వేడికి తట్టుకునే గుణం. అందులో సీ వస్తే పాసు మార్కులన్నమాట. మన ఇంట్లో పాసు మార్కులకు ఏనాడైనా ఎవరైనా ఏడ్చారా?

డీఓటీ ముద్ర ఒక్కటి మాత్రం వేలుపెట్టి తడిమి చూసుకో. ప్రభుత్వమే టైరును పరీక్షించి తలమీద చెయ్యి పెట్టి దీవించిందనుకుంటే హాయిగా నిద్ర పడుతుంది. నిజానికి ఆ ముద్ర వేసుకునేది కంపెనీయే, ప్రమాణాలు పాటించామని తనకు తానే చెప్పుకుంటుంది. రోడ్డెక్కడానికి పనికొస్తుందంటుంది గాని, వానలో పనికొస్తుందని అనదు. ఇంత సూక్ష్మం మనకెందుకు?

3. నల్లగా మెరిస్తే కొత్తదే

వాడిన టైర్లు చవగ్గా దొరుకుతాయి. గాడులు బాగానే ఉంటే కళ్ళు మూసుకుని కొనెయ్. డీఓటీ వరస చివర నాలుగంకెలుంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం పుట్టిందని. వధువు వయసు అడగడం మర్యాద కాదన్నట్టు, నేను ఆ నాలుగంకెలవైపు చూడను. ఈ రబ్బరు వేడెక్కి చల్లారిన ప్రతిసారీ కాస్త గట్టిపడుతుందని, గాడి మిగిలున్నా జిగురు మిగలదని అంటారు. పైన నలుపు పాలిష్ కొడితే ఆ సంగతి నీకూ తెలియదు, నాకూ తెలియదు. తెలిసేది ట్రాక్‌కే.

4. సైజు అందం చూసి ఎంచుకో

స్ట్రిప్ దగ్గర ముదురు కేసులుంటారు. నీ బండిలాంటి దానికి వెనక ఉన్న 19 అంగుళాల రిమ్ములు తీసేసి, 17 అంగుళాలవి బిగించి, 305/45ఆర్17 టైర్లు వేస్తారు. రిమ్ము చిన్నదైతే రబ్బరు గోడ ఎత్తవుతుంది. బండి దూకినప్పుడు ఆ గోడ ముడతపడి దెబ్బను మింగి, టైరును నేలకు అదిమిపెడుతుందని వాళ్ళ వాదన. చక్రం మొత్తం ఎత్తు 27.8 అంగుళాలు. కంపెనీ పెర్ఫార్మెన్స్ ప్యాకేజీతో ఇచ్చే 275/40ఆర్19 ఎత్తు 27.7. అంటే గేరు లెక్కా చెడదు, స్పీడోమీటరూ చెడదు.

అంతా బాగానే ఉంది, అందం ఏదీ? చూస్తే ట్రాక్టరు చక్రంలా ఉంటుంది. నువ్వు 20 అంగుళాల క్రోమ్ రిమ్ములు తీసుకో. చుట్టూ వేలెడు రబ్బరుంటే చాలు. దూకినప్పుడు దెబ్బ మింగడానికి నీ నడుముంది కదా. వెడల్పు ఎంతైనా పెట్టు, ఫెండర్ లోపల ఒరుసుకుంటే ఒరుసుకోనీ, ఒరుసుకున్న కొద్దీ దారి తనే ఏర్పడుతుంది. ఎత్తు గురించీ దిగులుపడకు. 26 అంగుళాల చక్రం తీసి 28 అంగుళాలది వేస్తే, ముల్లు 60 చూపిస్తున్నప్పుడు నువ్వు 64 దాటి పోతుంటావు. ఆ తేడా పోలీసుకు వివరించేటప్పుడు నీ ఇంజనీరింగ్ డిగ్రీ మొదటిసారి అక్కరకొస్తుంది.

5. ముందు చక్రాల ఊసెత్తకు

తొయ్యడం వెనక చక్రాల పని. ముందువి ఊరికే దొర్లుతాయి. కాబట్టి డబ్బంతా వెనకే పెట్టు. ముందు మామూలు ఆల్ సీజన్ టైర్లే ఉండనీ. పొడి రోడ్డు మీద ఏమీ తెలియదు. వానపడ్డప్పుడు ముందు టైర్లు వాటి లోతైన గాడులతో నీళ్ళు చిమ్ముకుంటూ రోడ్డును పట్టుకునే ఉంటాయి, వెనకవి తేలతాయి. అప్పుడు బండి వెనక భాగం ముందుకొచ్చి నిన్ను కిటికీలోంచి పలకరిస్తుంది. అదొక అనుభవం. అది సలహా 7లో చెప్తాను.

6. గాలి 18 పెట్టి వదిలెయ్

స్ట్రిప్ మీద వెనక టైర్లలో గాలి 18 పీఎస్‌ఐ దాకా దించుతారు. రబ్బరు నేల మీద ఇంకాస్త పరుచుకుంటుంది. పరుగయ్యాక మళ్ళీ గాలి కొట్టి ఇంటికి పోతారు. ఈ కొట్టడం, దించడం ఎందుకు? ఏడాది పొడుగునా 18లోనే ఉంచు. పక్కగోడలు నలిగి వేడెక్కుతాయన్న మాట నిజమే. చలికాలంలో వెచ్చగా ఉంటుంది.

నాసావాళ్ళు 1960లలో విమానాల టైర్ల మీద పరిశోధించి ఒక సూత్రం తీశారు. గాడుల్లో ఇమడనంత నీళ్ళు రోడ్డు మీద నిలిస్తే, టైరులోని గాలి అంకెకు వర్గమూలం కట్టి 10.35తో హెచ్చిస్తే, దాదాపు ఎన్ని మైళ్ళ వేగంలో టైరు నేల వదిలి తేలుతుందో వస్తుంది. 32కు కడితే 58న్నర మైళ్ళు. 18కి కడితే 44. టోల్‌వే మీద అందరూ 70లో పోతుంటారు. అంటే 44 నుంచి 70 వరకూ నువ్వు కారు నడపడం లేదు, పడవ నడుపుతున్నావు. గోదావరి జిల్లా వాళ్ళం, పడవంటే మనకు భయమా?

ఇక డాష్‌బోర్డు మీద పసుపుపచ్చ దీపం ఒకటి వెలుగుతుంది. గాలి నిర్ణీత అంకెకన్నా పాతిక శాతం తగ్గితే వెలగాలని అమెరికా చట్టం. 2008 మోడళ్ళనుంచీ ప్రతి కొత్త కారులోనూ ఉంది. దాని మీద మీ వదిన బొట్టుబిళ్ళ ఒకటి అంటించాను. మెరూన్ రంగుది. సరిగ్గా సరిపోయింది.

7. వానకు వెరవకు

డాడ్జ్ కంపెనీ 2018 చాలెంజర్ డీమన్‌ను షోరూంలోనే డ్రాగ్ రేడియల్స్ మీద నిలబెట్టి అమ్మింది. రేసు పెట్రోలు పోస్తే 840 గుర్రాల బలం, నిట్టో ఎన్‌టీ05ఆర్ టైర్లు, సైజు 315/40ఆర్18. ఆ బండి కొన్నవాళ్ళ దగ్గర ఈ టైర్లు తడి రోడ్లకు తగినవి కావని తెలుసునంటూ ఒక కాగితం మీద సంతకం కూడా తీసుకుంది. చేసినవాడే భయపడితే ఎలా? ఆపరేషన్‌కు ముందు సంతకం పెట్టించుకునే డాక్టర్లను చూడలేదా, ఆ తర్వాత మనుషులు లేచి తిరగడం లేదా?

నా అనుభవం చెప్తాను. ఏప్రిల్ సాయంత్రం. 121 టోల్‌వే ఎక్కే మలుపు ర్యాంపు. అప్పుడే గాలివాన వెలిసింది. 35 మైళ్ళ వేగం, అంతకు మించి లేదు. పక్క సీట్లో గోంగూర కట్టలు నాలుగు, పెరుగు డబ్బా ఒకటి. యాక్సిలరేటర్ మీద కాలు కాస్త బరువుగా వేశాను, కాస్తే. రోడ్డు, గడ్డి, రోడ్డు, మళ్ళీ గడ్డి కనిపించాయి. అన్నీ ఆగాక చూస్తే నేను వచ్చిన దారి నా ఎదురుగా ఉంది, అందులో వస్తున్నవాళ్ళ ముఖాలు స్పష్టంగా కనిపించాయి. వంద గొడ్లను తిన్న రాబందు ఒక్క గాలివానకు కూలిందని ఊరికే అనలేదు పెద్దలు. దేవుడి దయవల్ల ఎవరికీ ఏమీ కాలేదు. పెరుగు సీలింగు దాకా వెళ్ళింది. ఎండాకాలంలో ఇప్పటికీ వాసన వస్తుంది.

ఇందులోంచి నేర్చుకోవలసింది ఒక్కటే: పెరుగు డబ్బా కింద పెట్టుకోవాలి.

8. చలిలో బయటే వదిలెయ్

ఈ రబ్బరు అరిసెల పాకంలాంటిది. వేడిమీద వేలికి అంటుకుంటుంది, చల్లారితే రాయి. అమ్మ పాకం పట్టేటప్పుడు చిటికెడు నీళ్ళల్లో వేసి ఉండ కడుతుందో లేదో చూసేది, గుర్తుందా? డ్రాగ్ రేడియల్ కూడా అంతే, దాని పాకం కుదిరేది వేడిలోనే. డిసెంబరు ఉదయం ఎనిమిదింటికి ఆఫీసుకు బయలుదేరితే దానికన్నా నీ కుటుంబం కారు టైరుకే పట్టెక్కువ. ఇక నీళ్ళు గడ్డకట్టే చలిలో బండిని కదిపితే రబ్బరు పగిలే ప్రమాదం కూడా ఉంది. ఇలాంటి టైర్లను వెచ్చని చోట దాచమని చేసినవాళ్ళే చెప్తారు.

మా గ్యారేజీలో బొమ్మలకొలువు పెట్టెలు, బియ్యం బస్తాలు, మీ వదిన ట్రెడ్‌మిల్లు ఉన్నాయి. 2021 ఫిబ్రవరిలో డాలస్‌లో ఫారెన్‌హీట్ సున్నాకు రెండు డిగ్రీలు కిందికి, మన లెక్కలో మైనస్ 19కి, దిగిపోయింది చూడు, ఆ వారమంతా నా బండి వాకిట్లోనే ఉంది. కరెంటు లేని ఇంట్లో కూర్చోలేక, బ్యాటరీ దిగిపోకుండా చూద్దామని నాలుగడుగులు ముందుకీ వెనక్కీ నడిపాను. మర్నాడు చూస్తే టైరు మీద మన ఊరి చెరువు మే నెలలో బీటలిచ్చినట్టు గీతలు. గాడులు తక్కువని ఏడుస్తావుగా, ఇవిగో గాడులు.

9. నీళ్ళ మడుగులోంచే వెళ్ళు

స్ట్రిప్ మీద బయల్దేరే గీతకు ముందు ఒక నీళ్ళ మడుగుంటుంది. గాడుల్లేని స్లిక్ టైర్లవాళ్ళు అందులో చక్రాలు తడిపి, గిర్రున తిప్పి, పొగ రేపి, రబ్బరును వేడిచేసుకుంటారు. గాడులున్న టైర్లవాళ్ళను పక్కనుంచి చుట్టు తిరిగి రమ్మంటారు. ఎందుకంటే గాడులు నీళ్ళను మోసుకెళ్ళి సరిగ్గా బయల్దేరే గీత దగ్గర కార్చి పెడతాయి. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నమాట.

కానీ ప్రేక్షకులున్నారు, తమ్ముడూ. వాళ్ళు పొగ కోసం వచ్చారు. నేను మడుగు నడిమధ్యలోంచి వెళ్ళి, అర నిమిషం పొగ పెట్టి, ఫెండర్లలోంచి నీళ్ళు కారుతుండగా గీత దగ్గర నిలబడ్డాను. పచ్చదీపం వెలిగింది. మొదటి 60 అడుగుల్లోనే పరుగు తేలిపోతుందంటారు. నాది తేలిపోయింది. పక్క లేన్లో మామూలు టైర్ల మీదున్న టెస్లా, వెనక సీట్లో పిల్లాడి కుర్చీ కూడా తియ్యలేదు, అది అవతలి గీత దాటి మలుపు తిరిగేసరికి నేను ఇంకా ఇక్కడే వగలు పోతున్నాను. గీత దగ్గర నేను కార్చిన నీళ్ళు తుడవడానికి ఇద్దరు మనుషులు పావుగంట పనిచేశారు. వెనక క్యూలో ఉన్నవాళ్ళందరూ నన్ను గుర్తుపెట్టుకున్నారు. కీర్తి అంటే అదే.

ఈ ట్రాక్‌ల మీద జిగురు చల్లుతారని, మన వీధిలో చల్లరని, అందుకని అక్కడి పట్టు ఇక్కడ రాదని కూడా అంటారు. వీధిలో దుమ్ము, ఇసక, కారిన ఆయిలు ఉంటాయట. ఈ మెత్తని రబ్బరు దారిలోని కంకర అంతా ఏరుకుని ఫెండర్ల మీద విసురుతుందట. నిజమే, వడగళ్ళవాన చప్పుడు వింటూ వెళ్తుంటాను. అయినా రోడ్డు మీదే ఎవరితోనైనా పందెం వేసి చూడమని నా మనసు చెప్తుంది. టెక్సస్‌లో అది క్లాస్ బీ నేరం, 180 రోజుల వరకూ జైలు, 2,000 డాలర్ల వరకూ జరిమానా. వీసా ఫారంలో "ఎప్పుడైనా అరెస్టయ్యారా" అన్న ప్రశ్నకు ఏళ్ళ తరబడి "లేదు" అనే రాస్తున్నాం. ఎంతకాలమని ఒకే జవాబు రాస్తాం?

10. టైరును జారనివ్వకు

ఇది అన్నిటికన్నా ముఖ్యం. మీ వదినకూ నాకూ పడని చోటు కూడా ఇదే.

ఇంజను చేసిన బలం గేరుబాక్సులోంచి, పొడుగాటి షాఫ్టులోంచి, వెనక హాఫ్ షాఫ్టుల్లోంచి చక్రానికి వస్తుంది. మామూలు టైరైతే బలం ఎక్కువైన క్షణంలో జారిపోతుంది. అంటే ఇంట్లో ఫ్యూజులాంటిది. అది పోతే టీవీ బతుకుతుంది. డ్రాగ్ రేడియల్ వేడిమీద జారదు. ఫ్యూజు తీసి కడ్డీ పెట్టినట్టు. బలం ఎక్కడో అక్కడ తేలాలి కదా. 2015 నుంచి మస్టాంగ్‌లన్నిటికీ వెనక చక్రాలు దేనికవే ఊగే సస్పెన్షన్ వచ్చింది. పట్టు సగం దొరికి సగం జారితే ఆ చక్రాలు నేల మీద టకటకా గెంతుతాయి. ఆ గెంతులో హాఫ్ షాఫ్టు చెరకుగడలా విరుగుతుంది. అందుకే తెలిసినవాళ్ళు ముందు షాఫ్టులు, బుష్‌లు గట్టివి వేయించి, ఆ తర్వాతే టైర్లు కొంటారు. నేను ముందు టైర్లు కొన్నాను. టైరు జారితే నలిగేది అహం, జారకపోతే విరిగేది ఇరుసు. నేను అహాన్ని కాపాడుకున్నాను.

మీ వదిన మాట కూడా చెప్తాను, నన్ను ఏకపక్షం అనకుండా. "ఇంకో జత రిమ్ములు కొనండి. వాటికి ఈ టైర్లు బిగించి గ్యారేజీలో పెట్టండి. రోజూ మామూలు టైర్ల మీద తిరగండి. స్ట్రిప్‌కు వెళ్ళినప్పుడు ఇవి డిక్కీలోనో వెనక సీట్లోనో వేసుకెళ్ళి, అక్కడ జాకీ పెట్టి మార్చుకోండి. పరుగయ్యాక మళ్ళీ మార్చి ఇంటికి రండి. అరగంట పని. నాలుగేళ్ళలో మూడు జతలకు బదులు ఒక్క జత సరిపోయేది" అంటుంది. మిగిలిన డబ్బుతో ట్రెడ్‌మిల్లుకు వేరే చోటు కట్టించొచ్చునట. చివర్న ఒక ముక్క తగిలించింది: "మనిషికైనా టైరుకైనా పట్టువిడుపులుండాలండీ. మీ ఇద్దరికీ పట్టే ఉంది."

ఆవిడకు టైర్ల గురించి ఏం తెలుసు?

ప్రస్తుతం నా బండి షెడ్డులో ఉంది, షాఫ్టు వచ్చేదాకా. పొద్దున్నే ఆవిడే తన ఒడిస్సీ వ్యానులో నన్ను ఆఫీసు దగ్గర దింపుతోంది. నిన్న పెట్రోలు బంకులో ఆగాం. ఆవిడ పెట్రోలు కొట్టిస్తుంటే, వాన జల్లు పడుతోంది, పక్క సీట్లో కూర్చున్నవాడికి పనేముంటుంది, దిగి వెనక టైరు దగ్గర వంగి చదివాను. ట్రెడ్‌వేర్ 600. ట్రాక్షన్ ఏ. టెంపరేచర్ ఏ.

నువ్వు మాత్రం చదవకు.

ఇట్లు,
మీ అన్నయ్య